గట్టు నుంచి గట్టు దాకా

మా అన్న ఐలేష్‌కు సొంత భూమి లేదు. ఉన్న ఒక్క ఎకరం బాపు జబ్బుపడినప్పుడు అమ్ముడుపోయింది. అక్కడ ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉంది. ఇబ్రహీంపట్నం నుంచి మా ఊరికి వచ్చే ఆటోలు దాని ముందే ఆగుతాయి. ఆటో దిగి నడిచేటప్పుడు అన్న అటువైపు తల తిప్పేవాడు కాదు. ఎవరైనా పాత సంగతి ఎత్తితే, "ఏమున్నదాడ సూసేతందుకు? రంగుబల్బులు" అనేసి ముందుకు పోయేవాడు.

భూమి పోయాక ఆయన ఇబ్రహీంపట్నం మార్కెట్ పక్కన ఒక ఎరువుల దుకాణంలో బస్తాలు మోశాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా యూరియా, డీఏపీ. మోస్తూనే ఏ ఊరి రైతు ఎంత కొంటున్నాడో గమనించేవాడు. అదే రైతు, అదే చేను, సంచులు మాత్రం ఏడాదికేడాది పెరుగుతున్నాయి. ఇంటికి వచ్చి అన్నం తింటూ అనేవాడు: "పోయినేడు రెండు సంచులతోని పండిన మడి ఈయేడు మూడు అడుగుతున్నది. గది భూమా, కల్లు మరిగిన మనిషా? ఎంత పోసినా సాల్తలేదు." వదినె రేణుక నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఆయన నవ్వేవాడు కాదు.

ఆ ఆలోచనే ముదిరి ఆయన్ను శ్రీపాల్ భూమి దగ్గరికి తీసుకుపోయింది.

శ్రీపాల్‌ది మా ఊరే. కాంట్రాక్టులు చేసి సంపాదించి జల్‌పల్లి దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. ఊరి బయట ఆయన పేరు మీద మూడెకరాల చెలక ఉంది. ఎర్రనేల, ఒకవైపుకు వాలి ఉంటుంది. ఎవరెవరో కౌలుకు చేసి, పత్తి మీద పత్తి పెట్టి, పీల్చి పిప్పి చేసి వదిలేశారు. అన్న అడగ్గానే శ్రీపాల్ పగలబడి నవ్వాడట. "ఏం పండిస్తవ్ ఐలేష్, రాళ్లా?" అన్నాడట. అయినా కౌలు తక్కువేమీ చెప్పలేదు.

మా దగ్గర కౌలుకు కాగితం ఉండదు. ఉగాది నుంచి ఉగాదికి నోటిమాట. పండగనాడు కౌలుదారు పైకం తీసుకుపోయి పట్టాదారు చేతిలో పెడతాడు. ఆయన తీసుకుంటే కౌలు నిలిచినట్టు. ఇంకో గుర్తు ఎండాకాలం దుక్కి. ఉగాది దాటాక కౌలుదారు ఆ చేనును ఒకసారి దున్నాడంటే ఆ ఏడు పంట ఆయనదే. పంట ఇంటికి చేరేదాకా పట్టాదారు కూడా లెమ్మనకూడదు. ఊళ్లో పెద్దమనుషులు ఇప్పటికీ దీనిమీదే తీర్పు చెబుతారు. అన్నకు ఇది తెలియక కాదు. ఏటా శ్రీపాల్ పైకం తీసుకుంటున్నాడు కాబట్టి రెండో గుర్తుతో అవసరం పడలేదు.

అప్పట్లోనే అవసరం పడి ఉంటే ఏం చేసేవాడో తెలియదు. ఎందుకంటే ఆ భూమి చేతికి వచ్చిన నాటి నుంచి అన్న దున్నడం మానేశాడు.

మానేసి ఆయన చేసిందంతా నేను చూశాను. తొలకరికి జనుము చల్లేవాడు. మోకాళ్ల ఎత్తు పెరగ్గానే దాన్ని నేలకు తొక్కి పరిచేవాడు. కోసిన జొన్న దంట్లు, కందికట్టె, రాలిన ఆకు, ఏదీ కాల్చనిచ్చేవాడు కాదు. గొర్ల మందను రాత్రిళ్లు చేనులో ఆపడానికి గొల్లవాళ్లను బతిమాలి తెచ్చేవాడు. నేల మీద పేరుకున్న ఆ కప్పు కిందనే చిన్న గుంట తీసి గింజ పెట్టేవాడు. కంది, అనుము, జొన్న, వాటి మధ్య కూరగాయలు. చూసేవాళ్లకు అది చేను లాగా ఉండేది కాదు. పక్క చేను లింగానిది. లింగానికి ట్రాక్టర్ ఉంది. ఊళ్లో సగం దుక్కులు ఆయనవే. గట్టు మీద నిలబడి అరిచేవాడు:

"ఐలేషన్నా, పెండ్లయి పోయినంక ఇల్లు గిట్లనే ఉంటది. జర చీపురన్న పట్టు!"

"నీ ఇల్లు ఊడ్సుకో ముందుగాల. నీ మన్ను మొత్తం గాలికి నా చేన్లకే వస్తున్నది," అనేవాడు అన్న.

"వస్తే కిరాయి కట్టు మరి!"

మాటలు ఇలా ఉండేవి గానీ మొదటి ఏడు అన్నకు వచ్చిన కొద్దిపాటి పంట చూసి లింగం కూడా ఎగతాళి మానేశాడు. ఎరువు ఆపగానే నేల మొండికేసింది. కంది గిడసబారింది. వంకాయ సగం పురుగుకు పోయింది. మార్కెట్లో ఆ వంకాయ ఏ మందూ లేకుండా పండిందని ఎవరూ అడగలేదు. మచ్చ ఉందని ధర తగ్గించి అందరి కాయల కుప్పలోనే పోశారు. ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం పట్టాదారు ఖాతాలో పడింది. అప్పు కోసం బ్యాంకుకు పోతే పట్టా పాసుబుక్కు అడిగారు. రెండో ఏడూ అంతే. ఇంట్లో పొయ్యి వెలిగిందంటే వదినె జీతంతోనే. ఆమె సాగర్ రోడ్డు మీద ఒక కాలేజీ హాస్టల్ వంటింట్లో కూరగాయలు తరిగేది. పొద్దున్నే పోయి చీకటిపడేసరికి వచ్చేది. వేళ్లకు ఎప్పుడూ ఉల్లిగడ్డ వాసన.

"నేను ఆళ్ల కూరగాయలు కోస్తున్న, నీ కూరగాయలు ఎవరు కొంటలేరు. మంచిగున్నది మన సంసారం," అనేది.

"ఇంకొక్క ఏడాగు."

"ఏడాదేడాదికి ఇంకొక్క ఏడే."

మూడో ఏడు నేల మారింది. ఎలా మారిందంటే చెప్పడం కష్టం. వాన పడ్డప్పుడు లింగం చేనులోంచి ఎర్రనీళ్లు కాలువ కట్టి పారేవి, అన్న చేనులోంచి చుక్క పారేది కాదు. చేతిలోకి తీసుకుంటే మన్ను పిండిలా రాలిపోకుండా ముద్దలు ముద్దలుగా ఉండేది. నాలుగో ఏడు కంది లింగం కందితో సమానంగా వచ్చింది. పెట్టుబడి మాత్రం అందులో సగం కూడా కాలేదు. ఆ ఏడే వదినె ఇంటి నుంచి తీసుకుపోయిన బీరకాయ కూర తిని హాస్టల్ వంటలు చూసే ఆయన ఎక్కడివని అడిగాడు. వచ్చే జూన్ నుంచి రోజూ కూరగాయలు, కొత్త కందిపప్పు మీ దగ్గరే తీసుకుంటాం, మార్కెట్ ధర పడినా మా ధర పడదు అన్నాడు. ఒకే షరతు. ఏ రోజూ ఆగొద్దు.

అంటే ఐదో ఏడు. నాలుగేళ్లు భూమికి పెట్టింది ఐదో ఏడు తిరిగి రావాలి. అన్న బతుకంతా ఆ ఒక్క ఏడు మీద ఆనుకుని ఉంది. ఆ ఏడు చేను చేతిలో ఉండాలి. అంతే ఆయనకు కావలసింది.

దానికి ముందు డిసెంబరులో ఒక ఆదివారం శ్రీపాల్ ఫోన్ చేశాడు. "పట్నం నుంచి దోస్తులొస్తున్నరు ఐలేష్. నీ పంట సూస్తరట. జర మంచిగ చెప్పు." అన్నకు రెక్కలు వచ్చినట్టయింది. పట్నంలో మందుల్లేని కూరగాయలకు ఇళ్లకు ఇళ్లే ఎదురు చూస్తున్నాయని ఎవరో చెప్పగా విని ఉన్నాడు. వాళ్లే వీళ్లనుకున్నాడు. వదినె కందికాయలు ఉడకబెట్టింది. నేను గ్లాసులు, నీళ్లు మోసుకుపోయాను.

మూడు కార్లలో వచ్చారు. అన్న ఉతికిన చొక్కా వేసుకుని ముందు నడిచాడు. పారతో కప్పు తొలగించి మన్ను పెల్లగించి చూపించాడు. ముద్దలో ఎర్రలు, అదే వానపాములు, మెదిలాయి. ఒకామె వెనక్కి గెంతింది, ఇంకొకామె ఫోన్‌లో వీడియో తీసింది.

"ఎర్రలు మనకన్న ముందు దున్నుతయి మేడం. మనం ఇనుప నాగలి పెట్టి దున్నితే ఇది సస్తది. పైన ఎప్పటికీ కప్పుండాలె. నెత్తి మీద తువాల తీర్గ."

"బోరెంత లోతు?" అడిగాడొక పెద్దమనిషి.

"లోతెందుకు సారూ, తడి ఇడ్సిపెడ్తలేదు ఈ నేల. ఎండాకాలం గూడ సల్లగుంటది."

"సాగర్ రోడ్డు ఎంత దూరం?"

"ఇగో, గా కనబడేదే."

"పిల్లలు వీకెండ్ వచ్చి మట్టిలో ఆడుకోవచ్చా?"

"మస్తు ఆడుకోవచ్చు! మందు వాసన లేదు, ఫికర్ లేదు."

శ్రీపాల్ గట్టు మీద కుర్చీ వేసుకుని కందికాయలు ఒలుచుకుని తింటున్నాడు. అన్న ఒక్కొక్కరి చేతికి సంచి నిండా టమాట, బీర, పాలకూర ఇచ్చాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. కార్లు పోయాక ముఖం తుడుచుకుని, "అరుణా, కొనేటోళ్లు దొరికినట్టే" అన్నాడు. నిజంగానే దొరికారు. ఆయన అనుకున్నదానికి కాదు.

ఉగాదినాడు కౌలు పైకం పట్టుకుపోతే శ్రీపాల్ తీసుకోలేదు. "ఉండనియ్ లె. తర్వాత సూద్దాం. పైసలెటు పోతయి?" అన్నాడు. అన్న ఇంటికి వచ్చి, మంచి మనిషి, ఇబ్బంది చూసి ఆగాడు అని మాతో చెప్పాడు. వదినె ఆ పైకం తీసుకుని లోపల పెట్టింది. తర్వాత, "తీసుకోని పైసలు మంచియి కావయ్యా" అంది.

వైశాఖంలో రాళ్లు పాతేవాళ్లు వచ్చారు. ట్రాలీ నిండా తెల్లరంగు వేసిన హద్దురాళ్లు. చేనును ముక్కలు చేసి పట్నంవాళ్లకు అమ్మే ఫామ్ ప్లాట్లు. డిసెంబరులో వచ్చినవాళ్లు, వాళ్లు పంపిన వీడియో చూసినవాళ్లు అప్పటికే అడ్వాన్సులు కట్టేశారు. అన్న ఆ రాళ్లకు అడ్డంగా నిలబడి దింపనివ్వలేదు. శ్రీపాల్ వచ్చాడు. కోపం కూడా పడలేదు. "నువ్వే గదా అమ్మిపెట్టింది. ఏ ఏజెంటు గూడ గట్ల చెప్పలేడు. నీకు కమీషన్ ఇయ్యాలె అసలు," అన్నాడు నవ్వుతూ.

గ్రామపంచాయతీ వరండాలో కూర్చున్నారు. మల్లేశయ్య పెద్దమనిషి. ఊరంతా ఆయన్ను కాకా అంటుంది. శ్రీపాల్ కూడా ఊరితో పేచీ పెట్టుకోదలచలేదు. రేపు ప్లాట్లు కొన్నవాళ్లు ఊరి దారిలోంచే వచ్చిపోవాలి.

"నేను ఎవరిని మోసం చేస్తలేను కాకా," అన్నాడు. "ఉగాదికి కౌలు తీసుకోలే. ఆయన దుక్కి దున్నలే. మరి కౌలెక్కడిది?"

"తీసుకోనని చెప్పినవా సారూ? తర్వాత సూద్దామన్నవు," అన్నాడు అన్న.

"అవ్, అట్లనే అన్న. ఇప్పుడు సూస్తున్న గదా."

వరండాలో నవ్వులు. అన్న మల్లేశయ్య వైపు తిరిగాడు. "కాకా, నాలుగేండ్ల సంది నేను తిన్నది లేదు, భూమికే పెట్టిన. ఈయేడు హాస్టలోళ్లు తీసుకుంటమన్నరు. ఒక్క పంట. కంది ఇంటికొచ్చినంక గా రాళ్లు నేనే పాతిస్త. నెత్తిమీద మోసి పాతిస్త."

మల్లేశయ్య మెడ గోక్కున్నాడు. "శ్రీపాలూ, వద్దని నోటితోని అనలేదు గద, గది నీ తప్పు. ఐలేషూ, నువ్వు దున్నలే, గది నీ తప్పు. రోహిణి కార్తె ఇంక ఉన్నది. కార్తె ఎల్లేలోపల దుక్కి పడితే ఈయేడు నీది. పడకపోతే సామాను ఎత్తుకో."

శ్రీపాల్ వెంటనే ఒప్పుకున్నాడు. "దున్నమనుండ్రి, నేనొద్దంటనా? కని మూలకొక్క సాలు గీసి దుక్కంటే ఒప్పుకోను. గట్టు నుంచి గట్టు దాకా పడాలె." తర్వాత అందరి వైపు చూసి అన్నాడు: "దున్నడు కాకా. పట్నపోళ్లకు ఏం చెప్పిండో నేనిన్న. దున్నితే సస్తదంట!"

మళ్లీ నవ్వులు. లింగం కూడా అక్కడే ఉన్నాడు. ఆ రోజు లింగం నవ్వలేదు.

ఆ మరునాడు మధ్యాహ్నం చేనులో మేము ముగ్గురమే ఉన్నాం. ఎండకు కప్పు మీద ఆకులు చిటచిటలాడుతున్నాయి. కింద చెయ్యి పెడితే చల్లగా ఉంది. అన్న అలా చెయ్యి పెట్టే కూర్చున్నాడు.

"దున్నుపియ్యి," అంది వదినె. "భూమిది ఏమున్నది, మళ్ల చేసుకుంటవు. మనకు ఈ ఏడు తప్పితే ఏముందయ్యా? నేను ఎన్నొద్దులు ఉల్లిగడ్డలు కొయ్యాలె?"

"నీకు తెల్వదు రేణుకా."

"నాకు తెల్వకుంటే ఎవరికి తెలుస్తది? నా జీతం గాదా ఈడ పోసింది? గీ మన్నుల నాది గూడ సగముంది. నా సగం చెప్తున్నది, దున్ను."

అన్న చెయ్యి ఇంకా కప్పు కిందనే ఉంది. నేనే అడిగాను: "దున్నితే మొత్తం పోతదా అన్నా?"

"ఒక్క దుక్కికి మొత్తం పోదు. దున్నినంక మెల్లగ వాన పడి, మళ్ల కప్పేస్తే బతుకుతది. కప్పేయకముందు గట్టివాన పడ్డదనుకో..." వాలు కేసి చూశాడు. "ఈ ఏటవాలుకు ఆగదు."

"కప్పేద్దాం మరి. తెల్లారేసరికి కప్పేద్దాం."

"మూడెకరాలకు ఎంత గడ్డి కావాల్నో ఎరుకనా నీకు?"

వదినె లేచి చీర దులుపుకుంది. "లింగాన్ని పిలుస్తున్న," అంది. అన్న వద్దనలేదు. ఆ రోజు ఆయన ఏదైనా అని ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఏమని ఉండాలో మాత్రం తెలియదు.

లింగం ట్రాక్టర్ తెచ్చాడు గానీ ఎప్పటిలా జోకులు వెయ్యలేదు. అన్న దగ్గరికి వచ్చి, "పైపైన పోతనే, లోతుగ దించ" అన్నాడు చిన్నగా. పై గట్టు మీద శ్రీపాల్ మనిషి నిలబడి చూస్తున్నాడు. మొదటి సాలులోనే అరిచాడు: "గట్ల గీకుడు కాదు లింగన్నా! దుక్కి కనబడాలె!" లింగం వెనక్కి చూశాడు. అన్న తల ఊపాడు. కల్టివేటర్ దిగింది.

నాలుగేళ్లుగా ఇనుము తగలని నేల. ఎలా తెగిందో నాకు గుర్తుంది. కప్పు కింద నల్లబడిన మన్ను ఎండలోకి తిరగబడుతుంటే తడి వాసన గట్టు దాకా వచ్చింది. కాసేపటికి ఎక్కడి నుంచి వచ్చాయో కొంగలు వచ్చాయి. చెరువు నుంచే వచ్చి ఉంటాయి. ట్రాక్టర్ వెనకాలే ఒక్కొక్కటిగా దిగి, తిరగబడ్డ మన్నులో మెదిలే ఎర్రలను పొడుచుకు తింటున్నాయి. అన్న వాటి మీదికి మన్నుగడ్డలు విసిరాడు. అవి నాలుగడుగులు ఎగిరి మళ్లీ వాలాయి. తువాలు తిప్పుతూ వాటి వెంట పరుగెత్తాడు. ఈ మూల నుంచి తోలితే ఆ మూల వాలేవి. నలభై ఆరేళ్ల మనిషి దున్నిన చేనులో పడుతూ లేస్తూ కొంగల వెంట పరుగెత్తడం చూసి గట్టు మీద ఉన్న మనిషి నవ్వాడు. వదినె ముఖం పక్కకు తిప్పుకుంది.

గట్టు నుంచి గట్టు దాకా పడింది. శ్రీపాల్ మనిషి ఫోన్‌లో ఫోటోలు తీసుకుని పోయాడు. మల్లేశయ్య సాయంత్రం వచ్చి చూసి, "ఈయేడు నీదే పో" అన్నాడు. అన్న దండం పెట్టాడు. ఆ రాత్రి వదినె పప్పు వండితే ఆయన రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు.

తెల్లారి నుంచి గడ్డి వేట. వరిగడ్డి ఉన్నవాళ్లు బర్రెలకని దాచుకున్నారు. కొనేందుకు చేతిలో ఉన్నది కౌలుకు తీసిపెట్టిన పైకం. అది తీసి గడ్డి కొన్నారు. లింగం తన గడ్డివాము సగం కూల్చి ట్రాలీలో ఎత్తి తెచ్చి దింపాడు. కిరాయి అడగలేదు. వదినె హాస్టల్‌కు సెలవు పెట్టింది. నేనూ వేరే పని పెట్టుకోలేదు. కింది గట్టు దగ్గర మొదలుపెట్టి పైకి పరుస్తూ పోయాం. చేతులు గీరుకుపోయి మంటలు. ఎండ నెత్తి మీద ఉంది. ఆకాశంలో మబ్బు లేదు. అన్న మాత్రం పరుస్తూ పరుస్తూ ప్రతిసారీ తల ఎత్తి పడమర చూసేవాడు.

మూడో వంతు అయ్యేసరికి గడ్డి అయిపోయింది. అన్న వేపమండలు నరకడానికి పోయాడు. అప్పుడు గాలి లేచింది.

మొదట దుమ్ము. తర్వాత చినుకులు, అంత పెద్దవి నేను ఆ ఏడు చూడలేదు. అన్న నరికిన మండలు అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. పైవాలు అంతా దున్ని విడిచిన మన్ను. మొదటి వానకు పీల్చుకుంది. ఆగుతుందేమో అనుకున్నాం. కాసేపటికి పై గట్టు దగ్గర చిన్న తాడులా నీళ్లు కదిలాయి. ఆ తాడు చెయ్యంత అయింది, తర్వాత మనిషంత అయింది. అన్న పారతో అడ్డం కట్ట వేశాడు, తెగింది. ఇంకో కట్ట వేశాడు. అదీ తెగింది. వదినె, నేను ఒళ్లో మన్ను ఎత్తి తెచ్చి పోస్తున్నాం. మేము పోసింది పోసినట్టే కొట్టుకుపోతోంది. చివరికి అన్న పార పడేసి ఆ తెగిన చోట అడ్డంగా పడుకున్నాడు. నీళ్లు ఆయన చుట్టూ రెండు పాయలుగా చీలి పోయాయి.

"లెవ్వయ్యా! లే!" అని వదినె చొక్కా పట్టి లాగింది. "మన్ను పోతే పోనీ, నువ్వన్న ఉండు!"

ఆ మన్నంతా చేనుకు దిగువన ఇంకో ప్లాట్ల వెంచర్ వాళ్లు కొత్తగా కట్టిన సిమెంటు మోరీలోకి పోయింది. రెండు రోజులు కూలీలు దాన్ని పారలతో ఎత్తి రోడ్డు పక్కన పోశారు. మోరీ జామ్ అయిందని మేస్త్రీ తిట్టుకుంటూ ఉన్నాడు. అన్న వెళ్లి ఆ కుప్పలను కాసేపు చూసి వచ్చాడు. ఎత్తి తెచ్చుకుందామని నేను అంటే, "గది ఇప్పుడు బురద, అరుణా" అన్నాడు.

చేను చేతిలోనే ఉంది. చేనులో పైపొర లేదు. గడ్డి పరిచిన కింది ముక్క ఒక్కటే పాత చేనులా ఉంది. అందులో కూరగాయలు బాగానే వచ్చాయి. కానీ హాస్టల్‌కు అవి ఒక పూటకు సరిపోతాయి, రెండో పూటకు రావు. వంటలు చూసే ఆయన కొన్నాళ్లు ఓపిక పట్టి వదినెతో చెప్పాడు: "నేనేం చెయ్యాలె అమ్మా? పిల్లలు రోజూ తింటరు గద. ఒకనాడిచ్చి ఒకనాడు లేదంటే ఎట్ల?" మార్కెట్ లారీని మళ్లీ పిలుచుకున్నాడు. వదినె అక్కడే కూర్చుని ఆ లారీలో వచ్చిన వంకాయలు తరిగింది.

పై రెండెకరాల్లో కంది ఎర్రగా, పీలగా లేచింది. కౌలు పైకం గడ్డికి పోయింది కాబట్టి పంట మీద కట్టాలి. పంట రావాలి. అన్న ఎరువుల దుకాణానికి పోయాడు. పాత యజమాని చూసి, "ఏంది ఐలేషూ, మోసేతందుకొచ్చినవా, కొనేతందుకొచ్చినవా?" అన్నాడట. "రెండిటికి" అన్నాడట అన్న. ఉద్దెర తీసుకున్న యూరియా సంచి తానే మోసుకుని వచ్చాడు.

ఆ రోజుల్లో ఆయన మాటలు తగ్గిపోయాయి. ఒకసారి గట్టు మీద కూర్చున్నప్పుడు నాతో అన్నది మాత్రం ఇది: "శ్రీపాల్‌ను అనేదేం లేదు చెల్లె. ఆయన భూమి, ఆయన ఇష్టం. నాలుగేండ్లు నేను దీనికి ఒక్కటే మాట ఇచ్చిన. నిన్ను దున్నను అని." నేను ఏదో ఓదార్పు మాట అన్నాను. అది ఇప్పుడు గుర్తు లేదు. గుర్తుంచుకోదగ్గదేమీ అయి ఉండదు.

భాద్రపదంలో ఒక పొద్దున యూరియా చల్లుతూ మధ్యలో కూర్చుండిపోయాడు. లింగం తన చేనులోంచి చూసి, అలిసిపోయాడేమో అనుకున్నాడట. "ఏమన్నా, పొద్దుగాలనే కూసున్నవ్?" అని అరిచాడట. జవాబు రాలేదు. ట్రాక్టర్ మీదే ఇబ్రహీంపట్నం దవాఖానకు తీసుకుపోయారు. గుండె అన్నారు. వదినె హాస్టల్ నుంచి పరుగెత్తుకొచ్చేసరికి అయిపోయింది. ఏప్రన్ విప్పడం కూడా మరిచిపోయి వచ్చింది. దినాలయ్యేదాకా నేను ఆమె పక్కనే పడుకున్నాను. నిద్రలో ఆమె వేళ్లు కదిలేవి, ఏదో తరుగుతున్నట్టు.

పంట ఇంటికి చేరేదాకా చేను మాదే. రివాజు ప్రకారం శ్రీపాల్ ఆగాడు. అది మాత్రం ఒప్పుకోవాలి. కంది వదినె, నేను కోశాం, లింగం వాళ్లింటి ఆడవాళ్లు సాయం వచ్చారు. దుకాణం ఉద్దెరకు, కౌలుకు పోగా ఇంటికి వచ్చింది ఒక బస్తా కంటే తక్కువ.

అప్పగింత రోజు శ్రీపాల్ ఒక్కడే వచ్చాడు. పట్టాదారు, కౌలుదారు కలిసి హద్దు చుట్టూ నడవాలి. అన్నకు బదులు వదినె నడిచింది. నేను వెనక నడిచాను. కింది ముక్క దగ్గరికి వచ్చేసరికి శ్రీపాల్ ఆగాడు. చుట్టుపక్కలంతా ఎండిపోయినా అక్కడ తోటకూర పచ్చగా, దట్టంగా ఉంది.

"ఏమన్న కావాల్నా చెల్లె?" అని అడిగాడు. గొంతులో నిజంగానే జాలి ఉంది.

వదినె తోటకూర కిందున్న గడ్డి చూపించింది. "ఈ ముక్కన్న తవ్వకుండ్రి సారూ. పిల్లలు ఆడుకుంటరన్నరు గద. పార్కో, ఏదో పెట్టుండ్రి. పైన గడ్డి తియ్యకుంటే సాలు. మిగిలింది దానంతట అదే చేసుకుంటది."

శ్రీపాల్ జేబులోంచి ఫోన్ తీసి లేఅవుట్ చూశాడు. వేళ్లతో పెద్దది చేసి, తిప్పి చూశాడు. వదినెకు చూపించబోయి ఆగిపోయాడు.

"ఈడికెళ్లి రోడ్డొస్తది చెల్లె. నలభై ఫీట్లది. జరుపుతే ప్లాట్లన్ని జరుగుతయి."

"ఎప్పుడొస్తది మిషను?"

"సోమారం."

వదినె కొంగు నడుముకు దోపుకుంది. "గట్లయితే ఆదివారం దాంక కూర కోస్కుంట," అంది.

"కోస్కో," అన్నాడు శ్రీపాల్.

ఆయన కారు దగ్గరికి పోయాడు. మేము వంగి తోటకూర కోయడం మొదలుపెట్టాం.